చెరువు ప్లాన్ మీద మూడు రంగులు తుడిచేయండి, నీటిమట్టం గీతలతో మొదలుపెట్టండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరు శివారులో ఒక ఊరి చెరువు, మొత్తం స్థలం 40 ఎకరాలు, అందులో నీళ్లు నిలిచేది 25 ఎకరాలు. బీఆర్క్ చివరి ఏడాది థీసిస్‌కి దాన్ని తీసుకున్నారు. పర్యావరణం, పరిశోధన, జనం సేదతీరే చోటు, మూడూ ఒకే స్థలంలో కలవాలన్నది మీ ఆలోచన. ప్లాన్ మీద పర్యావరణానికి ఆకుపచ్చ, పరిశోధనకి నీలం, జనానికి పసుపు వేసి మూడు జోన్లు చూపించారు. జ్యూరీలో ఒకాయన "కలిపిందేముంది ఇందులో, పక్కపక్కన పెట్టావంతే" అన్నారు. ఆయన మాట సబబేనా, సబబే అయితే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడిగారు.

సబబే. అందుకు బాధపడాల్సిన పని లేదు. ఇరవై రెండేళ్లుగా చెరువులు, పార్కులు డిజైన్ చేసే ఈ పనిలో ఉన్నాను, ఎక్కువ భాగం గుంటూరు, కృష్ణా జిల్లాల్లోనే. మొదట్లో నేనూ ఇలాగే రంగులు వేశాను. కాగితం మీద అది చాలా శుభ్రంగా కనిపిస్తుంది. చెరువు దగ్గర మాత్రం నిలబడదు. ఆకుపచ్చ జోన్‌లో గూడు కట్టిన కొంగ మేత కోసం పసుపు జోన్ ఒడ్డునే దిగుతుంది. నీలం జోన్‌లో కూర్చుని మీరు పరీక్షించాల్సిన నీళ్లు ఊళ్లో మురుగుకాలువలోంచి వస్తాయి. పొద్దున్నే నడకకి వచ్చినవాళ్లేమో నీళ్లు ఎక్కడ దగ్గరగా కనిపిస్తే అక్కడికే పోతారు.

మరి ఈ మూడూ కలిసే చోటు అసలు ఉందా అంటే, ఉంది. వేసవిలో నీళ్లు ఎక్కడికి దిగిపోతాయో, వానాకాలంలో ఎక్కడిదాకా వస్తాయో, ఆ రెండు గీతల మధ్య ఉండే ఒడ్డు అది. ఏడాదిలో కొన్ని నెలలు నేల, కొన్ని నెలలు నీళ్లు. పక్షులకు మేత దొరికేది అక్కడే. చెరువు బాగుందో లేదో కొలిచి చెప్పగలిగేదీ అక్కడే. మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకోవాలని పిల్లలు ఉబలాటపడేదీ అక్కడే. మీ డిజైన్ మొత్తం ఆ ఒడ్డు మీద పెట్టండి.

ఒట్టి మాటగా చెప్పడం లేదు, లెక్క చూడండి. ఒక హెక్టారు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 100 ఘనపు మీటర్లు, అంటే లక్ష లీటర్లు. మీ చెరువులోకి నీళ్లు పారే భూమి 100 హెక్టార్లు అనుకుందాం. (అసలు ఎంతో మీరే కనుక్కోవాలి, టోపోషీటు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపించే మ్యాపు, దాని మీద గీస్తే తెలుస్తుంది.) అల్పపీడనం పట్టి ఒక్క రోజులో 10 సెంటీమీటర్లు కురిస్తే మొత్తం లక్ష ఘనపు మీటర్లు. ఇళ్లు, రోడ్లు పెరిగిన చోట అందులో అరవై శాతం చెరువుకి చేరిందనుకున్నా 60 వేల ఘనపు మీటర్లు. మీ 25 ఎకరాల నీళ్లంటే సుమారు 10 హెక్టార్లు, లక్ష చదరపు మీటర్లు. అలుగు (నిండాక అదనపు నీళ్లు పొర్లిపోయే చోటు) పారకముందు లెక్క వేస్తే చెరువు ఒక్క రోజులో 60 సెంటీమీటర్లు లేస్తుంది. ఇక వేసవిలో, మే నెల ఎండకి రోజుకు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఆవిరైపోతుంది. తూము (కట్ట అడుగున నీళ్లు వదిలే దారి) ఎత్తకపోయినా, ఎవరూ మోటారు పెట్టకపోయినా, జనవరి నుంచి మే దాకా ఎండ ఒక్కటే అర మీటరు పైన తాగేస్తుంది.

ఇప్పుడు ఈ 60 సెంటీమీటర్లను ఒడ్డు మీద పరచండి. మనవాళ్లకి అలవాటైన రాతి రివిట్‌మెంట్ ఒకటికి రెండు వాలులో, అంటే మీటరు ఎత్తుకి రెండు మీటర్ల వెడల్పుతో ఉంటుంది. దాని మీద 60 సెంటీమీటర్ల ఎత్తుకి ఒడ్డు వెడల్పు 1.2 మీటర్లు వస్తుంది. చెరువు చుట్టుకొలత 1.2 కిలోమీటర్లు అనుకుంటే మొత్తం కలిపి ఎకరంలో మూడో వంతు. అదే ఒడ్డుని ఒకటికి పది వాలులో పరిస్తే వెడల్పు ఆరు మీటర్లు, మొత్తం దగ్గర దగ్గర ఎకరం ముప్పావు. చెరువు అదే, నీళ్లు అవే. తుంగ, జమ్ము మొలిచే నేల, కొంగలు నడిచే బురద, పిల్లలు దిగే ఒడ్డు మాత్రం అయిదు రెట్లు అవుతాయి. మీ దగ్గరున్న పెద్ద ఆయుధం ఈ వాలు ఒక్కటే. దీనికి ఖర్చు తక్కువ, మట్టిని ఇటునుంచి అటు జరపడమే. అయితే చుట్టూ ఇలా చేయకండి. కట్ట ఉన్న వైపు కట్ట భద్రత ముందు. అక్కడ వాలు, రాయి ఇంజనీర్లు చెప్పినట్టే ఉండాలి, కట్ట మీద కొత్తగా పెద్ద చెట్లు కూడా నాటకూడదు. వేళ్లు చచ్చి కుళ్లినప్పుడు ఆ దారి వెంట నీళ్లు ఊరుతాయి. కట్టకి ఎదురు ఒడ్డు, నీళ్లు లోపలికి వచ్చే వైపు, సహజంగానే వాలు తక్కువగా ఉంటుంది. అక్కడ పరచండి.

ఒకే నేలని కాలాన్ని బట్టి రకరకాలుగా వాడుకోవడం మనకి కొత్తేం కాదు. కృష్ణ ఏట్లో నీళ్లు తగ్గాక ఇసుకలో పుచ్చ, దోస పాదులు పెట్టి, మళ్లీ వరద వచ్చేలోపు కాయ కోసుకున్నవాళ్లం. వేసవిలో చెరువు గర్భంలో గేదెలు మేస్తాయి, పిల్లలు క్రికెట్ ఆడతారు, పూడిక మట్టి బండ్ల మీద పొలాలకి పోతుంది. మీరు కొత్తగా కనిపెట్టాల్సింది తక్కువ. ఈ అలవాటుని పార్కు పేరుతో చెరిపేయకుండా ఉంటే చాలా వరకు పని అయినట్టే.

నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను, మీకు పనికొస్తుంది. పదిహేనేళ్ల కిందటి మాట. పల్నాడు వైపు ఒక చిన్న పట్టణంలో చెరువు పార్కు పని వచ్చింది. చెరువు మధ్యలో రెండు మట్టి దిబ్బలు, వాటి మీద వంకరటింకరగా నల్ల తుమ్మలు, నీళ్లు నిండినప్పుడు సగం మునిగి ఉండేవి. డ్రాయింగ్‌లో నేను దిబ్బలు చూపించాను, చెట్లు చూపించలేదు. "ఈ చెట్లు కొట్టరాదు" అని ఒక్క మాట రాయలేదు. ప్రారంభోత్సవం దగ్గరపడేసరికి శుభ్రంగా కనిపించాలని ఎవరో చెప్పారు, జూలైలో ఆ తుమ్మలన్నీ కొట్టించారు. డిసెంబరులో నేను వెళ్లేసరికి ట్రాక్ బాగుంది, లైట్లు బాగున్నాయి, దిబ్బల మీద గడ్డి కూడా పచ్చగా ఉంది. గేదెలు కాసే ముసలాయన ఒకాయన నన్ను చూసి, నేనెవరో తెలుసుకుని, "ఏమయ్యా, ఇక కొంగలెక్కడ కూర్చోవాలి?" అని అడిగాడు. ఆ ఏడు ఒక్క గూడు పడలేదు. తర్వాతి రెండేళ్లూ పడలేదు. అప్పటినుంచి ఏ స్థలానికి వెళ్లినా మొదటి షీటు కొత్తగా ఏం పెడతామన్నది కాదు, ఏది ముట్టుకోకూడదు అన్నదే. ప్రతి చెట్టుకీ నంబరు వేసి, చుట్టుకొలత రాసి, కాంట్రాక్టు కాగితాల్లో చేర్పిస్తాను. మీరూ మీ థీసిస్‌లో అదే మొదటి షీటుగా పెట్టండి.

పక్షుల విషయంలో మీకు పాఠశాల దగ్గర్లోనే ఉంది. పెదకాకాని మండలం ఉప్పలపాడు వెళ్లి రండి, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. ఊరి మధ్యన చిన్న చెరువులు, వాటిలో దిబ్బలు, దిబ్బల మీద ముళ్ల చెట్లు. చలికాలంలో వెళితే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు ఒక్కో చెట్టు మీద అంతస్తులు అంతస్తులుగా ఉంటాయి. చుట్టూ ఇళ్లు, స్కూటర్లు, గుడి మైకు, అన్నీ ఉన్నాయి. అయినా అవి అక్కడే ఎందుకు ఉంటాయో నిలబడి ఆలోచించండి. గూడుకీ ఒడ్డుకీ మధ్య నీళ్లున్నాయి, కుక్క గానీ పిల్లి గానీ పోవడానికి వీల్లేదు. చుట్టుపక్కల వరిచేలు, కాలువలు, చెరువులు ఉన్నాయి, మేత అక్కడ దొరుకుతుంది. ఊరివాళ్లు వాటిని బెదరగొట్టరు, బెదరగొట్టేవాళ్లని ఊరుకోరు. ఈ మూడింటిలో చెరువు లోపల డిజైన్ చేయగలిగేది మొదటిది ఒక్కటే. రెండోది చుట్టూ ఉన్న వ్యవసాయం మీద ఆధారపడి ఉంది, మూడోది మనుషుల మీద. అందుకే మీ మ్యాపు చెరువు కాంపౌండు గోడ దగ్గర ఆగకూడదు. పది కిలోమీటర్ల చుట్టుపక్కల ఏ కాలువ ఎప్పుడు పారుతుందో, ఎక్కడ వరి ఎక్కడ మిర్చి వేస్తారో కూడా గీయండి. వేసవిలో డెల్టా కాలువలు కట్టేసిన నెలల్లో మీ చెరువులో మిగిలిన నీళ్లకి విలువ ఎంత పెరుగుతుందో అప్పుడు తెలుస్తుంది.

గూళ్లున్న దిబ్బకీ నడిచేదారికీ మధ్య వంద మీటర్లయినా ఉంచమని నేను చెబుతాను. ఉప్పలపాడులో పక్షులు అంతకంటే దగ్గరగా మనుషుల్ని భరిస్తున్నాయి కదా అనొచ్చు. అవి రోజూ అదే మనుషుల్ని, అదే సద్దుని చూసి అలవాటుపడ్డవి. మీ చెరువులో కొత్తగా వచ్చి చేరాల్సినవి. వాటికి మొదటి అయిదారేళ్లు ఎక్కువ దూరం కావాలి. 10 హెక్టార్ల చెరువు గుండ్రంగా ఉంటే అడ్డంగా మూడు వందల యాభై మీటర్లు. దిబ్బని ఒక పక్కకి జరిపినప్పుడు చుట్టూ ట్రాక్ వేస్తే ఒకవైపు తప్పకుండా దగ్గరైపోతుంది. కాబట్టి చెరువు చుట్టూ పూర్తిగా తిరిగే ట్రాక్ వద్దు. ఇది చెబితే ఊళ్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, "రౌండు" కావాలంటారు. నడిచేవాళ్లకి రౌండు ముఖ్యమే, లెక్క ఉండాలి కదా. దారిని కట్ట మీదుగా, తర్వాత ఒక ఒడ్డు వెంట తీసుకెళ్లి, చెరువుని వదిలేసి చెట్ల మధ్యనుంచి వెనక్కి తిప్పండి. రౌండు వాళ్లకి దక్కుతుంది, మూడో వంతు ఒడ్డు పక్షులకి మిగులుతుంది.

ఇక పరిశోధన. మీ డ్రాయింగ్‌లో ఆరు వేల చదరపు అడుగుల రీసెర్చ్ సెంటర్ చూశాను. దాన్ని తీసేయమని గట్టిగా చెబుతున్నాను. ఒక గది, దాని ముందు వెడల్పాటి వరండా చాలు, అది కూడా వరద మట్టానికి పైన, స్తంభాల మీద. ఇలాంటి భవనాలు ప్రారంభించిన రోజు తెరుచుకుని, తర్వాత తాళం పడి, కిటికీ అద్దాలు పగిలి, చివరికి పైపులు, పారలు దాచుకునే స్టోర్‌రూమ్‌లుగా మారడం చాలాచోట్ల చూశాను. పరిశోధనకి కావాల్సింది కొలత, ఆ కొలత ఆగకుండా సాగే ఏర్పాటు. మెట్లరేవు పక్కన ఒక కొలబద్ద పాతండి. సెంటీమీటర్ల అంకెలు పిల్లలకి కూడా దూరంనుంచి కనిపించేంత పెద్దగా, నలుపూ తెలుపూ పట్టీలతో. ఆ మెట్లు కూడా ఒక్కోటి సరిగ్గా 15 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా కట్టండి. అప్పుడు "ఇవాళ నీళ్లు ఎనిమిదో మెట్టు కింద ఉన్నాయి" అని పాలు పోసే అబ్బాయి చెప్పినా అది డేటాయే. సాయంత్రం కూర్చోవడానికి వేసిన మెట్టే కొలత అయింది, దాని కింద తడి అంచున మొలిచిన తుంగే ఆవాసం అయింది. జ్యూరీ ఆయన అడిగిన "కలపడం" ఇదే.

కొలబద్ద తర్వాత ఫొటో పాయింట్లు. నడిచేదారిలో అయిదారు చోట్ల రాతి స్తంభం నాటి, పైన ఫోన్ పెట్టే గాడి చెక్కించండి. ఎవరు తీసినా అదే కోణం, అదే ఎత్తు. ఏడాది తిరిగేసరికి ఒడ్డు ఎలా మారిందో కళ్లకు కడుతుంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్పే మాస్టారికి తొమ్మిదో తరగతి పిల్లలతో నెలకోసారి పక్షుల లెక్క అప్పగించండి. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి ఆగకుండా నడుస్తున్నది. మీ చెరువు లెక్క కూడా అందులో చేరవచ్చు. నీటి పరీక్షలకీ, మొక్కల లెక్కకీ నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది, నేల సంగతి చెప్పడానికి లాం ఫారం, వ్యవసాయ పరిశోధన కేంద్రం, ఉంది, విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఉన్నారు. వీళ్లకి మీరు భవనం కట్టివ్వక్కర్లేదు. ఒడ్డులో ఒక ముక్క, ఒక అర ఎకరం, ఏమీ నాటకుండా, ఏమీ కోయకుండా అలాగే వదిలేసి చూపించండి. మీరు నాటిన చోటికీ దానికీ తేడా చూస్తేనే మీ నాటడం పనికొచ్చిందో లేదో తెలిసేది. ఈ వదిలేసిన ముక్క చుట్టూ సన్నగా కంచె, ఎందుకు వదిలేశామో తెలుగులో నాలుగు వాక్యాల బోర్డు తప్పనిసరిగా ఉండాలి. బోర్డు లేకపోతే ఆర్నెల్లలో ఎవరో ఒకరు "ఖాళీగా ఉంది" అని అక్కడ జిమ్ పరికరాలు పెడతారు.

కొలతలు పని మొదలుపెట్టకముందే మొదలవ్వాలి. కనీసం ఒక ఏడాది. థీసిస్‌కి మీకు అంత టైం లేదు, నిజమే. కానీ ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర నలభై ఏళ్ల కొలతలున్నాయి. అలుగు ఏ ఏడు పొంగింది, నీళ్లు ఏ గుమ్మందాకా వచ్చాయి, ఏ వేసవిలో చెరువు పూర్తిగా ఎండింది, వాళ్లని అడిగి రాసుకుని, లెవెల్ (సర్వేవాళ్లు ఎత్తులు కొలిచే పరికరం) పెట్టి ఆ గుమ్మాల ఎత్తు కొలవండి. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మా బంధువుల ఇంట్లో 2024 సెప్టెంబర్ వరద గీత గోడ మీద ఇంకా ఉంది. స్విచ్‌బోర్డుకి జానెడు పైన, మట్టిరంగు చార. రెండుసార్లు సున్నం వేసినా కిందనుంచి తేలుతూనే ఉంది. ఏ రిపోర్టులోనూ లేనంత ఖచ్చితమైన కొలత అది.

ఆ వరద సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. దాని వరదని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరనుంచి కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది. ఆ మళ్లింపు కాలువకి గండ్లు పడి నీళ్లు విజయవాడ మీదికి వచ్చాయి. ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం. వాగుకి పక్కన పరుచుకునే నేల ఉండాలి. ఆ నేల ఇళ్లతో నిండిపోయాక నీళ్లు ఇళ్లలోనే పరుచుకుంటాయి. బుడమేరు వెంట ఇంకా ఖాళీగా ఉన్న పల్లపు నేలలు ఆటస్థలాలుగా, తోటలుగా, ముంపు వచ్చినా నష్టంలేని చోట్లుగా మిగలాలని నేను ప్రతి మీటింగులోనూ చెబుతూనే ఉన్నాను. భవానీ ద్వీపం ఇంకో ఉదాహరణ. నది మధ్యలో ఉన్న లంక, పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ మునుగుతుంది. మునిగే చోట ఏం కట్టినా అది మునిగి లేచాక కడుక్కుని వాడుకునేలా ఉండాలి. రాతి అరుగు అలాంటిది. ప్లైవుడ్ కాటేజీ, ఏసీ, నేలమట్టంలో కరెంటు ప్యానెల్ అలాంటివి కావు. మీ చెరువులో కూడా ప్రతి వస్తువు పక్కనా దాని మట్టం, ఎన్నేళ్లకోసారి మునుగుతుంది, మునిగితే ఏమవుతుంది అని రాయండి.

బయటి ఉదాహరణలు అడిగారు. ఒకటే లోతుగా చూడండి, సింగపూర్‌లోని బిషాన్ పార్కు. 2.7 కిలోమీటర్ల సిమెంటు కాలువని పగలగొట్టి 3.2 కిలోమీటర్ల వంకల వాగుగా మార్చారు, 2012లో పూర్తయింది, పార్కు 62 హెక్టార్లు. అందరూ దాని ఫొటోలే చూస్తారు. నాకు నచ్చింది అంతకుముందు జరిగిన పని. ఒడ్డు కోసుకుపోకుండా వేళ్లు, కొమ్మలు, రాళ్లతో పట్టి నిలిపే పద్ధతులు పది, పార్కులోనే ఒక పక్క కాలువలో 60 మీటర్ల మేర వేసి చూశారు. వాటిలో పనికొచ్చిన ఏడింటినే అసలు పనిలో వాడారు. వర్షం వస్తే నీళ్లు లేస్తున్నాయని హెచ్చరించే సైరన్లు, లైట్లు ఉన్నాయి. వరదపోక, పరిశోధన, జనం, మూడూ ఒకే ఒడ్డు మీద. మన దేశంలో అయితే ఢిల్లీలో యమునా బయోడైవర్సిటీ పార్కు, 457 ఎకరాలు. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ, ఢిల్లీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి 2002 ప్రాంతంలో మొదలుపెట్టి, చౌడు నేలలో చిత్తడి నేలల్ని తిరిగి పుట్టించారు. విశ్వవిద్యాలయం పని పూర్తయ్యాక వచ్చి చూడలేదు, మొదటి రోజునుంచీ అందులోనే ఉంది. ఎదురు ఉదాహరణ కూడా ఒకటి తెలుసుకోండి. అమెరికాలో బోస్టన్‌లో ఓమ్‌స్టెడ్ అనే పార్కుల డిజైనర్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఉప్పునీటి చిత్తడిని పార్కుగా తీర్చిదిద్దాడు, మురుగు, వరద, షికారు అన్నీ ఆలోచించి. 1910లో దిగువన నదికి డ్యామ్ కట్టగానే ఉప్పునీళ్లు రావడం ఆగి, ఆ మొక్కలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. నీటిని నడిపించేవాడు మీ చేతిలో లేకపోతే మీ డిజైన్ కూడా మీ చేతిలో లేనట్టే. మీ చెరువుకి తూము తాళం ఎవరి దగ్గర ఉంది, చేపల వేలం ఎవరు పాడుకున్నారు, వాళ్లు చేపలు పట్టడం కోసం నీళ్లు ఎప్పుడు దించుతారు, ఇవి ముందే తెలుసుకోండి. గూళ్లలో పిల్లలున్న నెలలో నీళ్లు దించేస్తే దిబ్బ మీదికి కుక్కలు నడిచిపోతాయి. వేలం షరతుల్లో "ఫలానా మెట్టు కంటే దిగువకి నీళ్లు తీయరాదు" అన్న ఒక్క వాక్యం చేర్పించగలిగితే మీరు నాటే వెయ్యి మొక్కల కంటే అది ఎక్కువ మేలు చేస్తుంది.

మురుగు గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. మీరు పెట్టిన ఫొటోలో గుర్రపుడెక్క కనిపిస్తోంది, అంటే మురుగు వస్తోంది. గుర్రపుడెక్కని ఏటా తీయించడం ఒక్కటే చేస్తే అది ఏటా వస్తూనే ఉంటుంది. ఇళ్లలోంచి వచ్చే మురుగులో బీఓడీ (నీళ్లలోని కుళ్లే పదార్థం ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో చెప్పే కొలత) లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మనుషులు స్నానం చేయదగ్గ నీళ్లలో అది 3 దాటకూడదు. మట్టిలో, గ్రావెల్‌లో జమ్ము, తుంగ పెంచి వాటి వేళ్లగుండా మురుగుని పారించే పద్ధతిలో మన వేడికి మనిషికి ఒకటి రెండు చదరపు మీటర్ల నేల అనుకోవచ్చు. మీ కాలువ మీద అయిదు వేల మంది ఉంటే ఎకరంబావు నుంచి రెండున్నర ఎకరాలు పోతాయి. 40 ఎకరాల్లో అది పెద్ద ముక్కే, అయినా వదలాలి. ముందు ఒక పూడిక గుంట, ట్రాక్టరు దిగి తీయగలిగేలా ర్యాంపుతో. తర్వాత జమ్ము మడులు. అక్కడినుంచే చెరువులోకి. ఈ మడుల మధ్యన గట్ల మీద బడిపిల్లల్ని నడిపించండి. లోపలికి వచ్చే నీళ్లు, బయటికి పోయే నీళ్లు రెండు గాజు సీసాల్లో పక్కపక్కన పెట్టి చూపిస్తే వాళ్లకి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

నేల నల్లరేగడి అయితే, గుంటూరు చుట్టుపక్కల చాలావరకు అదే, దారుల విషయంలో జాగ్రత్త. ఏప్రిల్‌లో వెళ్లి చూడండి, పగుళ్లలో మణికట్టు దాకా చెయ్యి పడుతుంది. ఆగస్టులో అదే నేల ఉబ్బి పేవర్ టైల్స్‌ని పైకి లేపేస్తుంది. మామూలు దారికి పై మట్టి తీసి గ్రావెల్ దిమ్మిస వేయించడం మేలు, లేచినా మళ్లీ సర్దుకోవచ్చు. నీళ్ల మీద చెక్కదారి వేయాలంటే పునాది అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు) మీద, ఉబ్బే పొర దాటి మూడున్నర మీటర్ల లోతుకి దించాలి. చెక్కదారి చిన్నది చాలు, ఒకే ఒక్కటి, చివర్లో నలుగురు కూర్చునే నీడ.

నీడ లేని పార్కుకి మన ఊళ్లో మార్చి తర్వాత పగలు ఎవరూ రారు. లాన్ మాత్రం వద్దు. ఎకరం లాన్ వేసవిలో రోజుకు ఇరవై వేల లీటర్ల దాకా తాగుతుంది, చెరువు ఎండిపోతున్న నెలలోనే. ఎత్తు నేలలో వేప, చింత, రావి. అప్పుడప్పుడు మునిగే అంచున కానుగ, నేరేడు, మేడి, తెల్లమద్ది. నీళ్లలో నిలబడాల్సిన చోట నల్ల తుమ్మ. సర్కారు తుమ్మ ఉంటే ఒక్కసారిగా పీకేయకండి, దాని మీద గూళ్లుంటే కొత్త చెట్లు ఎదిగేదాకా ఉంచి, వరసలవారీగా తీయండి. కోనోకార్పస్ ఎవరు ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు.

జనం ఎప్పుడు ఎక్కువగా వస్తారో కూడా కాలంతో చూడండి. కార్తీకమాసం. చెరువు నిండుగా ఉంటుంది, గూళ్లు కట్టడం మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే వనభోజనాలకి బస్సుల్లో జనం దిగుతారు. వాళ్లని రావద్దనడం తప్పు. చెట్టు కింద కూర్చుని తినడం మనకి పండగ, అంతకంటే మంచి కారణం ఒక తోటకి ఏం కావాలి? ఉసిరి తోపుని చెరువుకి దూరంగా, దిబ్బకి ఎదురు మూలలో, ఎత్తులో పెంచండి. పొయ్యిలకి రాళ్లు, చేతులు కడుక్కునే కుళాయి, విస్తరాకుల గుంట అక్కడే ఇవ్వండి. సౌకర్యం ఎక్కడుంటే జనం అక్కడ ఉంటారు, కంచె అవసరం తగ్గుతుంది. దీపాలు వదలడానికి మెట్లరేవు ఒక్కటే చోటు, అరటి దొప్పలు మర్నాడు తీసేలా. లైట్ల విషయంలో ఆడవాళ్లు పొద్దున్నే అయిదింటికి ధైర్యంగా నడవగలగాలి, అందులో రాజీ వద్దు. కట్ట దారి వెంట కిందికి మాత్రమే పడే పసుపు కాంతి పెట్టి, నీళ్ల వైపు మూసేయండి. చెరువుకి అటు వైపున ఒక్క స్తంభం కూడా వద్దు.

మీ రెండో జ్యూరీకి నెల ఉందన్నారు. ప్లాన్ పక్కన పెట్టి, కట్టనుంచి ఎదురు ఒడ్డు దాకా ఒక పొడుగాటి సెక్షన్, అంటే నిలువుకోత బొమ్మ, గీయండి. ఎత్తుని పది రెట్లు పెంచి గీస్తేగానీ ఆ 60 సెంటీమీటర్లు కనిపించవు. దాని మీద మే, సెప్టెంబర్, డిసెంబర్ నీటిమట్టాలు మూడు గీతలు, అలుగు మట్టం, తూము అడుగు మట్టం, పెద్ద వరద గుర్తు. ప్రతి గీత దగ్గరా ఆ నెలలో ఎవరుంటారో రాయండి, మనుషులూ పక్షులూ గేదెలూ కొలిచేవాళ్లూ అందరూ. గీశాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. వెళ్లినప్పుడు తూము అడుగు మట్టం మీరే స్వయంగా లెవెల్ పెట్టి కొలవండి, పాత డ్రాయింగ్‌లో ఉన్న అంకెని నమ్మొద్దు, మధ్యలో ఎన్నిసార్లు పూడిక తీశారో దాంట్లో ఉండదు.